ఆఫీసు గది ముందు చెప్పులు

ఈ సంగతి ఇన్నేళ్లు రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు రాయడం వచ్చేది కాదు.

మాది మర్రిపాడు దగ్గర ఒక మెట్ట పల్లె. ఇంట్లో గొర్రెలు ఉండేవి. ఊళ్లో బడి కూడా ఉండేది. కాకపోతే బడి తెరిచే వేళా, గొర్రెలు తోలే వేళా ఒకటే. మా నాయన తమ్ముణ్ని బడికి, నన్ను గొర్రెల వెంట పంపాడు. దాని మీద నాకు కోపం లేదు. తమ్ముణ్ని గొర్రెల వెంట పంపి ఉంటే సగం గొర్రెలు తోడేళ్లకు పోయేవి. పెళ్లయి ఆత్మకూరు వచ్చాక ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరాను. పద్దెనిమిదేళ్లు ఎల్.కె.జి. గదిలో పనిచేశాను. రోజూ అ ఆ ఇ ఈలు వినీ వినీ నోటికి వచ్చాయి. పిల్లలతో కలిసి పాడేదాన్ని కూడా. చేతికి మాత్రం రాలేదు. నల్లబల్ల తుడిచేది నేనే, ఏం తుడుస్తున్నానో నాకు తెలిసేది కాదు.

మోకాళ్లు అరిగి బడి మానుకున్న తర్వాత మా వీధిలో ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం తరగతికి వెళ్లాను. యాభై ఎనిమిదేళ్లకు పలక పట్టాను. ఏడాదికి చదవడం వచ్చింది. ఇంకో ఏడాదికి ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా రాయడం వచ్చింది. ఆ తర్వాత కూడా రెండేళ్లు రాయలేదు. దానికి మాత్రం అక్షరాల మీద నెపం పెట్టలేను. నోటుపుస్తకం తెరిచి కూర్చున్నప్పుడల్లా ముందుగా ఈ సంగతే వచ్చేది. లేచి వెళ్లి అంట్లు తోముకునేదాన్ని.

ఇప్పుడు చిన్నపిల్లల బళ్లలో ఆయాలుగా, టీచర్లుగా చేరుతున్న అమ్మాయిలు చదువుకున్నవాళ్లు. ఇది మీ కోసం రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిన పనేమీ లేదు. బాగా వచ్చనుకున్న పనిలోనే చేసిన తప్పు ఉంది.

ఆయా పని అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ముక్కులు తుడవడం, చెడ్డీలు మార్చడం, క్యారేజీ మూతలు తీయడం, బెల్లు కొట్టడం. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. ఆయా ఉందా లేదా అన్నది తేలేది జూన్ నెలలో, కొత్త పిల్లలు చేరే వారంలో. ఆ వారం బడి ముందు సంతలా ఉంటుంది. ఒకడు గేటు ఊచలు పట్టుకుని వదలడు. ఒకతె తల్లి కొంగులో తల దూర్చి బయటికి రాదు. ఇంకొకడు తండ్రి మీసాన్ని పట్టుకుని వేలాడతాడు. ఆ పిల్లను తల్లి నుంచి విడదీసి, తల్లి కనబడకుండా వెళ్లిపోయేలా చూడడమే మా అసలు పని. నాకంటే ముందు నుంచీ అక్కడ చేస్తున్న పెద్ద ఆయమ్మ ఒకామె ఉండేది. నోట్లో ఎప్పుడూ వక్క. ఆమె నాకు పని నేర్పిన తొలిరోజే చెప్పింది.

"ఇదిగో మే, పిల్లోళ్లకు టీచర్లు పాఠాలు చెప్తారు. మనం అబద్ధాలు చెప్తాం. ఎవురి పని వాళ్లు సరిగ్గా చేస్తే బడి నడుస్తాది."

అమ్మ బాత్రూమ్‌కి పోయింది, అమ్మ చాక్లెట్ తేవడానికి పోయింది, అమ్మ బండికి తాళం వేసి వస్తుంది. ఇవి ఆమె అబద్ధాలు. ఒక గంట పనిచేసేవి. తర్వాత ఏడుపు రెట్టింపయ్యేది. నేను వాటికంటే మెరుగైనది ఒకటి కనిపెట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ లోపల ఎక్కడో కాస్త గర్వం కదులుతుంది, సిగ్గు లేకుండా.

మా బడిలో, బడి నడిపే మేడం గది వరండా చివర ఉండేది. దాన్నే ఆఫీసు గది అనేవాళ్లం. లోపల దేవుడి పటం ఉండడంతో ఎవరు వెళ్లినా చెప్పులు బయట విప్పి వెళ్లాలి. ఎల్.కె.జి. గదిలో కూర్చుంటే ఆ గుమ్మం సూటిగా కనబడుతుంది. ఒక ఏడు ఒక తల్లి కొడుకును చేర్పించి, బయట బండి హారన్ మోగుతోంటే కంగారులో చెప్పులు మరిచి వెళ్లిపోయింది. ఆ పిల్లవాడు చెప్పుల వంక చూసుకుంటూ సాయంత్రం దాకా కిక్కురుమనకుండా కూర్చున్నాడు. చెప్పులు బయట ఉన్నాయంటే అమ్మ లోపల ఉన్నట్టే కదా.

ఆ రోజు నుంచి ఆఫీసు గది వెనక తలుపు పక్కన గూట్లో రెండు జతల రబ్బరు చెప్పులు నా సొంతానివి పెట్టుకున్నాను. బాగా బెదిరే పిల్లలు వస్తే తల్లిని ఆఫీసు గదిలోకి పంపేదాన్ని. ఆమె చెప్పులు బయటే ఉంటాయి. ఆమె మాత్రం వెనక తలుపు నుంచి నా రబ్బరు చెప్పులు తొడుక్కుని ఇంటికి వెళ్లిపోతుంది. సాయంత్రం బెల్లుకు ముందు వెనక తలుపు నుంచే వచ్చి, ముందు గుమ్మం నుంచి బయటికి వస్తుంది. పిల్ల పరుగెత్తుకెళ్లి కావలించుకుంటుంది. మూడు నాలుగు రోజులు ఇలా జరిగితే బడి అలవాటైపోతుంది. తర్వాత చెప్పులతో పనుండదు. ఊళ్లో తల్లులు "ఆయమ్మ చెప్పులు" అని నవ్వుకునేవాళ్లు. మేడం కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "మా దగ్గర ఏడ్చే పిల్లలు ఉండరండీ" అనేది.

నేను రాయబోయే పాప వచ్చింది ఒక ఏడు, ఆ జూన్ వారంలో మూడో రోజు.

నాలుగేళ్ల పిల్ల. ఉదయగిరి నుంచి వచ్చారు. తండ్రిది చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ఇల్లు. ఆయనకు చేతుల వణుకు జబ్బు పట్టి ఉలి పట్టలేకపోయాడు. తల్లి పిల్లను తీసుకుని ఆత్మకూరులో తన అమ్మ దగ్గరికి వచ్చేసింది. ఇదంతా ఆమె గేటు దగ్గర నిలబడి చెప్పింది. ఆ తర్వాత పిల్లకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"ఆయమ్మా, నేను ఈ పొద్దే కువైట్‌కు పోతా ఉండాను. ఇంట్లో పనికి. రెండేళ్ల దాకా రాను. బ్యాగు ఆటోలో ఉండాది. పది గంటల నెల్లూరు బస్సుకు పోవాల."

"బిడ్డకు చెప్పినారా?"

"లేదు. మా అమ్మ చెప్పొద్దంటాది. నాకేమో చెప్పి పోవాలని ఉండాది. లోపల ఒక పది నిమిషాలు దాని పక్కన కూర్చోనిస్తే, నేనే నిదానంగా చెప్పుకుంటాను."

పాప తల్లి చిటికెన వేలు పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చే పిల్లలు నాకు సులువు. ఇది అలా కాదు. గేటు లోపల కనబడిన ప్రతిదాని గురించీ ఒక్కొక్కటే అడుగుతోంది.

"ఈడ కుక్కలుండాయా?"

"లేవమ్మా."

"రాత్రికి వస్తాయా?"

"రాత్రికి మనం ఉండం గదా."

"తలుపుకు గొళ్లెం యాడుండాది? నాకు అందతాదా?"

కొత్త యూనిఫారం చేతులు మోచేతుల దాకా వచ్చాయి. గౌను బొత్తాం ఒకదాన్ని తిప్పీ తిప్పీ దారం వదులు చేసేసింది. గోడ మీద మేము వేయించిన కుందేలు బొమ్మను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ కుందేలును వేసినవాడు పళ్లు కాస్త పెద్దవిగా వేశాడు, ఆ మాట నిజమే.

పాప నానీ అని పిలిచే అమ్మమ్మ గేటు బయట ఆటో పక్కనుంచి కేక వేసింది. "బేటీ, టైమ్ అయిపోతా ఉండాది! బస్సు నీ కోసరం ఆగతాదా?"

నేను అప్పుడు ఏం చేసి ఉండాలో ఇప్పుడు నాకు తెలుసు. పది నిమిషాలు ఆ తల్లికి ఇవ్వాలి. పిల్ల ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, బస్సు తప్పినా ఇంకో బస్సు ఉంటుంది. నేను మాత్రం అన్నాను:

"చెప్పబాకమ్మా. చెప్తే అది నిన్ను వదలదు. నువ్వు బస్సెక్కలేవు. మొదటిరోజు పిల్ల మనసు చెడిపోతే మళ్లీ బడి మొహం చూడదు. నా మాట ఇను. ఇట్టాంటోళ్లను ఎంతమందిని చూసినానో."

"రెండేళ్లు ఆయమ్మా."

"రెండేళ్లయినా రెండు గంటలయినా పిల్లోళ్లకు ఒకటే. నాలుగు రోజులు పోతే మరిచిపోతారు. చెప్పులు మేడం గది ముందర విడిచిపెట్టి, వెనక తలుపు నుంచి పో. నా రబ్బరు చెప్పులు తొడుక్కో."

"కొత్త జత బ్యాగులో ఉండాదిలే" అంది. అలా అంటూనే ఆఫీసు గది వైపు నడిచింది. పాప చేతిని నా చేతిలో పెట్టింది. "అమ్మీ లోపల సంతకం పెట్టి వస్తాది. నువ్వు టీచర్ దగ్గర కూర్చో" అని చెప్పింది. ఆ వాక్యం నేనే నేర్పాను.

ఆమె చెప్పులు నల్లవి. ఎడమకాలి పట్టీ తెగితే ఎర్రదారంతో కుట్టించుకుంది. గుమ్మం బయట వాటిని విప్పి లోపలికి వెళ్లింది. నేను పాపను ఎత్తుకుని గదిలోకి తీసుకుపోయి, గుమ్మం కనబడే చోట కూర్చోబెట్టాను. "చూసినావా, అమ్మీ చెప్పులు. అమ్మీ ఆడే ఉండాది" అన్నాను. కిటికీలోంచి చూస్తే ఆ తల్లి నా రబ్బరు చెప్పులు తొడుక్కుని వెనక గోడ పక్కగా నడిచి వెళుతోంది. ఒకసారి ఆగింది. నేను చెయ్యి ఊపాను, పో పో అని. వెళ్లిపోయింది.

మొదటి గంట నా పద్ధతి ఎప్పటిలాగే పనిచేసింది. పాప ఏడవలేదు. పాట పాడమంటే పాడలేదు గానీ, కూర్చోమంటే కూర్చుంది. చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.

టీచర్ వింజమూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కువైట్ సంగతి ఆమెకూ, పెద్ద ఆయమ్మకూ అప్పటికే చెప్పాను. ఆమె పదకొండు గంటలప్పుడు నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, ఆ పాప మూడుసార్లు బాత్రూమ్‌కి అడిగింది. వచ్చేటప్పుడు చూడు ఏం చేస్తా ఉండాదో."

నాలుగోసారి నేనే వెంట వెళ్లాను. పాప బాత్రూమ్‌లోకి పోయి ఊరికే నిలబడి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆఫీసు గది ముందు ఆగింది. లోపలికి వెళ్లిన ఎవరి కాలో తగిలి ఆ నల్లచెప్పులు విడిపోయి పడి ఉన్నాయి. వంగి రెండూ దగ్గరికి చేర్చింది. తర్వాత కాస్త ఆలోచించి, వాటి ముందు భాగం బయటి వైపుకు తిప్పి పెట్టింది. అమ్మ బయటికి రాగానే తొడుక్కోవడానికి వీలుగా. పెట్టి, తలుపు వంక ఒకసారి చూసి, వచ్చి తన చోట కూర్చుంది.

"తెలివైన పిల్ల" అన్నాను టీచర్‌తో.

"తెలివి కాదక్కా, నాకు బయమేస్తా ఉండాది" అంది ఆమె. "సాయంత్రం ఏం చెప్తావు?"

మీరు నమ్మరు గానీ, అప్పటిదాకా నేను సాయంత్రం సంగతి ఆలోచించలేదు. నా పద్ధతి మొత్తం సాయంత్రం తల్లి తిరిగి రావడం మీద నిలబడి ఉంది. ఇన్నేళ్లుగా ప్రతి తల్లీ తిరిగి వచ్చింది కనుక, అది నా పద్ధతి వల్లే సాగుతోందని అనుకున్నాను. ఆ తల్లి నాకు నోరు తెరిచి రెండేళ్లు అని చెప్పినా, నా చెవులు విన్నాయి, నా చేతులు మాత్రం రోజూ చేసే పనే చేశాయి.

మధ్యాహ్నం క్యారేజీ తెరిచాను. అన్నంతో పాటు చిన్న చెక్క చెంచా ఉంది. పిడి మీద సన్నని పువ్వు చెక్కారు. తండ్రి చేతులు వణక్కముందు చేసినది అయి ఉంటుంది. పెద్ద ఆయమ్మ వచ్చి చూసి నవ్వింది.

"ఏంది పాపా, గరిటె తెచ్చుకున్నావు? మాకందరికీ వంట చేస్తావా?"

పాప నవ్వలేదు. సగం తిని, మిగతాది చెంచాతో ఒక పక్కకు జరిపింది. మూత పెట్టమని నాకిచ్చింది.

"ఎందుకు తల్లీ, తినెయ్."

"అమ్మీకి. లోపల ఆకలేస్తాది గదా."

పెద్ద ఆయమ్మ నోట్లో వక్క నమలడం ఆపింది. నా వంక చూసింది. "ఈ పొద్దు నీ చెప్పులు నిన్నే కొడతాయి మే" అని లేచి వెళ్లిపోయింది.

మూడున్నరకు బెల్లు కొట్టాను. పిల్లలంతా వెళ్లిపోయారు. అమ్మమ్మ వచ్చింది. పాప వెళ్లి ఆఫీసు గది ముందు, చెప్పులకు ఒక పక్కగా నిలబడింది.

"రా బేటీ, ఇంటికి పోదాం."

"అమ్మీ రానీ."

"అమ్మీ నెల్లూరుకు పోయింది. రాత్రికి వస్తాది."

పాప అమ్మమ్మ ముఖంలోకి చూసి, చెప్పులు చూపించింది. "చెప్పుల్లేకుండా నెల్లూరుకు ఎట్ట పోతాది?"

అమ్మమ్మ నా వంక చూసింది. నేను టీచర్ వంక చూశాను. టీచర్ తల దించుకుంది.

మాటలు విని మేడం తలుపు తెరిచింది. "చూడమ్మా, లోపల ఎవరూ లేరు" అంది. ఆమె మంచి ఉద్దేశంతోనే చేసింది. పాప గడప దగ్గర ఆగి, తన బూట్లు విప్పడానికి కిందికి వంగింది. దారం ముడి రాక చాలాసేపు తంటాలు పడింది. ఎవరమూ సాయం చేయలేదు. విప్పి లోపలికి వెళ్లింది. బల్ల కింద చూసింది. బీరువా వెనక చూసింది. కిటికీ కర్టెన్ ఎత్తి చూసింది. వెనక తలుపు మూసి ఉంది. దాని గొళ్లెం వంక తలెత్తి చూసింది. అందదు.

అప్పుడైనా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బయటికి వచ్చి తల్లి చెప్పులు రెండూ ఎత్తి, యూనిఫారానికి మట్టి అంటేలా గుండెకు ఆనించుకుంది. బూట్లు అమ్మమ్మ చేతికిచ్చి, వట్టి కాళ్లతో గేటు దాటి నడిచింది.

మేడం ఆ సాయంత్రమే మా అందరికీ గట్టిగా చెప్పింది. "ఇంట్లోవాళ్లు చెప్పొద్దంటున్నారు. మనం కలగజేసుకోవద్దు. సాయంత్రం వస్తుంది, రేపు వస్తుంది అని రోజులు జరపండి. పిల్ల అలవాటు పడిపోతుంది." నేను సరేనన్నాను. ఆమె తప్పుగా చెప్పిందని నేననను. పొద్దున నేను ఆ తల్లికి చెప్పినదీ ఇదే.

ఆ తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను. మరుసటి ఉదయం గురించి చివర రాస్తాను. దాని తర్వాత ఇంకేమీ రాయాలనిపించదు.

నన్ను వారం తిరక్కుండా ఎల్.కె.జి. గది నుంచి తీసేసి పెద్ద తరగతుల వరండాలకు, మరుగుదొడ్లకు మార్చారు. పెద్ద పిల్లలు ఏడవరు, ఏడ్చినా ఆయాల దగ్గర ఏడవరు. నా రబ్బరు చెప్పులు ఒక జత ఊడ్చేటప్పుడు నేనే వాడి అరగదీశాను. రెండో జత కువైట్ దాకా వెళ్లిందో, నెల్లూరు బస్టాండులో మిగిలిందో తెలియదు.

ఆ తల్లికి పనిచేసే ఇంట్లో మొదటి నెల ఫోన్ ఇవ్వలేదట. ఇచ్చాక వీడియో కాల్ చేసింది. పాప ఫోన్ వంక చూడలేదట. అమ్మమ్మ బజారులో కనబడి చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. "ఆయమ్మా, ఇంటికి ఎవురొచ్చినా వాళ్ల చెప్పులు తీసి మంచం కింద దాచిపెడతా ఉండాది. నా చెప్పులయితే రోజూ ఎతుక్కోవాల. బజారుకు పోవాలంటే దానికి తెలీకుండా వట్టి కాళ్లతో పోతాను." చెప్తూ నవ్వబోయి మానుకుంది. నేను వెంటనే కింద ఆమె కాళ్ల వంక చూశాను. వట్టి కాళ్లే.

రెండేళ్లని వెళ్లిన తల్లి మూడేళ్లు దాటాక వచ్చింది. బడికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ వెనక వరండాకు వచ్చింది. బాగా చిక్కిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మరుగుదొడ్ల గోడ పక్కన, ఫినాయిల్ వాసనలో నిలబడి ఒక్కటే అడిగింది.

"నేను ఆ పొద్దు దానికి చెప్పి పోయుంటే, ఇప్పుడు నా దగ్గరికి వచ్చేదా ఆయమ్మా?"

తెలియదని చెప్పాను. అది నిజం. ఇప్పటికీ తెలియదు. చెప్పి వెళ్లినా పిల్ల దూరమయ్యేదేమో. మూడేళ్లు మూడేళ్లే కదా. కానీ ఆమె ఆ ప్రశ్నతో బతకాల్సి వచ్చింది. ఆ ప్రశ్నను ఆమెకు ఇచ్చింది నేను. నా మోకాళ్ల నొప్పికి మందు ఉంది, దీనికి లేదు.

మీలో కొందరు అడగవచ్చు, ఇంత చిన్నదానికి ఇంత బాధా అని. పిల్ల తప్పిపోలేదు, దెబ్బ తగల్లేదు, చదువుకుంటూనే ఉంది. నిజమే. నేనూ చాలా రోజులు అలాగే చెప్పుకున్నాను. బడి లెక్కలో ఆ పాప తొలిరోజు బాగా జరిగింది. ఏడవలేదు. ఏడుపు లేకపోతే అంతా బాగున్నట్టే అని పద్దెనిమిదేళ్లు నమ్మినదాన్ని నేను.

ఇక ఆ మరుసటి ఉదయం.

రోజూ కంటే ముందే వెళ్లి గేటు తీశాను. వరండా ఊడుస్తున్నాను. ఇంకా ఎవరూ రాలేదు. అమ్మమ్మ పాపను గేటు దగ్గర వదిలి, కళ్లు తుడుచుకుంటూ తొందరగా వెళ్లిపోయింది. పాప ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని నా పక్కనుంచే నడిచి ఆఫీసు గది దాకా వెళ్లింది. సంచిలోంచి ఆ నల్లచెప్పులు తీసి, నిన్నటి చోటే, ముందు భాగం బయటికి వచ్చేలా పెట్టింది. సరిగ్గా ఉన్నాయా అని కాస్త దూరం జరిగి చూసుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మా, నిన్న నేను చెప్పులు ఎత్తుకుని పోయినాను. అందుకే అమ్మీ రాలేకపోయింది. ఈ పొద్దు పెట్టేసినాను. ఇంక ముట్టుకోను."

చీపురు పక్కన పెట్టాను. మేడం చెప్పిన మాట గుర్తుంది. సాయంత్రం వస్తుంది అంటే చాలు. ఆ పిల్ల వెళ్లి తన చోట కూర్చుంటుంది. సాయంత్రం దాకా ఆ చెప్పులు చూసుకుంటుంది. రాకపోతే తప్పు తనదేననుకుని రేపు ఇంకాస్త సరిగ్గా పెడుతుంది. ఎల్లుండి ఇంకాస్త సరిగ్గా.

మోకాళ్లు నొప్పిగా ఉన్నా కింద కూర్చున్నాను, ముఖం ఆమె ముఖానికి సమంగా వచ్చేలా.

"నీ వల్ల కాదు తల్లీ. చెప్పుల వల్ల కాదు. అమ్మీ ఆ గదిలో లేదు. దూరం ఊరికి పనికి పోయింది. ఇమానంలో. ఈ పొద్దు రాదు. రేపు కూడా రాదు. చానా రోజులకు వస్తాది."

"బెల్లు కొట్టినాక?"

"బెల్లు కొట్టినాక కూడా రాదు."

ఆమె నా నోటి వంకే చూస్తోంది, మాటలు ఇంకా అక్కడే ఉన్నట్టు.

"నానీకి తెలుసా?"

"తెలుసు."

"మేడంకి?"

"తెలుసు."

"టీచర్‌కి?"

"టీచర్‌కీ తెలుసు."

గౌను బొత్తాం వెతుక్కుంది. అది నిన్ననే ఊడిపోయినట్టుంది, దారం మాత్రమే దొరికింది.

"నీకు?"

"నాకు కూడా. నిన్న నువ్వు రాకముందే తెలుసు... కాదు, గేటు దగ్గరే తెలుసు. నువ్వు పక్కనే ఉన్నావు."

అందరికీ తెలుసు, నాకు తప్ప. ఆ మాట ఆమె అనలేదు. అనడానికి ఆ వయసు పిల్లకు మాటలుండవు. ముఖంలో మాత్రం అది వచ్చి నిలవడం నేను చూశాను. అప్పుడు ఏడ్చింది. రెండు రోజుల ఏడుపు. ఊపిరి తిప్పుకోలేనంత ఏడుపు. ఎత్తుకోబోతే రెండు చేతులతో నన్ను తోసేసి, గోడకు ముఖం పెట్టి ఏడ్చింది.

పిల్లలు రావడం మొదలైంది. తల్లులు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. పెద్ద ఆయమ్మ పరుగున వచ్చి, "ఏంది మే, ఏం చేసినావు? మరిపించు, మరిపించు!" అంది. మేడం బండి ఆగిన చప్పుడు వినబడింది. ఏడుపు మాన్పించడం ఒక్కటే నాకు తెలిసిన పని. ఆ రోజు నేను దాన్ని మాన్పించలేదు. ఆ పాపకు ఒక చేతి దూరంలో, గోడకు ఆనుకుని, ఆమె ఏడ్చినంతసేపూ నేల మీదే కూర్చున్నాను.